వేళ్ళకు పూసిన లై

నది పొంగి రికార్డు ఆఫీసు గోడల మీద మొలబంటి ఎత్తున బురదగీత గీసిపోయిన ఏడాదికి ఇది మూడో ఏడు. ఆ గీత మీద రెండుసార్లు సున్నం కొట్టారు. రెండుసార్లూ పైకి తేలింది.

బైండింగు మేస్త్రి చేతులు పోయింది ఆ వరదలోనే. పోయాయంటే తెగి పడలేదు. పది వేళ్ళూ ఉన్నచోటే ఉన్నాయి. తడిసిన రిజిస్టర్లు ఉబ్బుతాయి, ఉబ్బినవి బీరువాను లోపలినుంచి చీలుస్తాయి. ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే గనక రికార్డులు కాపాడమని ఆయన్నే పిలిచారు. చీలిన బీరువా కూడా తెలిసినవాడి మీదే పడింది. ఒక పూటంతా రెండు ముంజేతులూ దాని కింద ఉన్నాయి. ఇప్పుడు ఆయన గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తగలడు. తలుపును భుజంతో తోయగలడు. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం దాయాదుల్లా ఒకదాని మొహం ఒకటి చూడవు. సూది, దారం, కాగితం అంచు, ఇలా పల్చనిదేదీ ఆయన చేతికి అందదు.

బైండింగుకు కావలసిందే ఆ రెండు వేళ్ళు. ఆఫీసులవాళ్ళు రిజిస్టర్లు ఇచ్చేది మేస్త్రి చెయ్యి చూసి. ఆర్డరు కాగితం మీద కూడా అదే ఉంటుంది, మేస్త్రి స్వయంగా కుట్టి ఇవ్వవలెను అని. అందుకని ఆయన భార్య సూది పట్టింది. ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు, ఆమె కుట్టేది. దుకాణానికీ పనిబల్లకూ మధ్య అట్టలకు వేసే ముదురుగుడ్డతో ఒక తెర కట్టారు. మెట్టు మీద అలికిడైతే ఆమె వంటింట్లోకి తప్పుకునేది, ఆయన కుట్టుచట్రం ముందుకు జరిగేవాడు. పొద్దున్నే దుకాణం తెరవకముందు ఆమె మైదాపిండి లై ఒక వేలితో తీసి ఆయన పది వేళ్ళకూ పూసేది. లై ఆరిన వేళ్ళు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఈ రహస్యం వాళ్ళిద్దరిది. ఆమె సొంత తమ్ముడికి కూడా తెలియదు.

రెండేళ్ళు అలా గడిచాక ఆమె కళ్ళు మొరాయించాయి. సూది కన్ను కనబడక నాలుకతో తడిమి దారం ఎక్కిస్తోంది. కళ్ళ డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఇంకో ఏడాది ఈ పని చేస్తే సూదే కాదు, మొగుడి మొహం కూడా కనబడదు అని. అప్పుడు మేస్త్రి అంగవైకల్య భృతికి అర్జీ పెట్టాడు. భృతి వస్తే ఆమె సూది కింద పెడుతుంది. రాకపోతే పెట్టలేదు. సంగతి ఇంతే.

అర్జీ తిరగ్గొట్టారు. చేతులు పని చేస్తున్నాయి అని రాశారు. మేస్త్రి అప్పీలు పెట్టుకున్నాడు. భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని అప్పీలు ఆఫీసు మేడమెట్లు ఎక్కాడు. భార్య వరండాలో బెంచీ మీద ఆగింది. వెనకాల విచారణ గది తలుపు మూసుకుంది.

ఆ తలుపుకు స్ప్రింగు ఉంది, దానంతటదే మూసుకుంటుంది. మేస్త్రి కూర్చోబోతూ ఒకసారి వెనక్కి చూశాడు. లోపలివైపు పిడి గుండ్రంది, ఇత్తడిది, నున్నగా మెరుస్తోంది. గుండ్రటి పిడి ఉన్న గదిలోకి ఆయన ఒంటరిగా వెళ్ళడు. వెళితే ఎవరో ఒకరు తీసేదాకా లోపలే ఉండాలి. బావమరిది ఉన్నాడు కదా అనుకుని కూర్చున్నాడు.

బల్లకు అవతల ఇద్దరు. మధ్య కుర్చీలో ఒక పెద్దాయన, తెల్ల మీసం, తొందర లేని మనిషి. ఆయన పక్కన డాక్టరమ్మ. బల్ల చివర ఆఫీసు గుమాస్తా, మేస్త్రికి పాత ఖాతాదారు. ఈ ఆఫీసు రిజిస్టర్లన్నీ అతనే తెచ్చి దుకాణంలో ఇస్తాడు. ఏ రోజు వచ్చినా మెట్టు కింద రెండుసార్లు దగ్గి అప్పుడు ఎక్కుతాడు. పాపం ఏదో ఊపిరితిత్తుల బాధ అని మేస్త్రి భార్య జాలిపడేది. ఈ రోజు గుమాస్తా తలెత్తలేదు. కలం సర్దుకుంటూ కూర్చున్నాడు.

పెద్దాయన ముందుగా అడిగింది కాగితాల సంగతి. మీ ఫైలులో వైద్యుల ఆధారం ఒక్కటీ లేదేమని. మేస్త్రికి మొదట అర్థం కాలేదు. ఇచ్చానండీ, ఇరవైమూడు కాగితాలిచ్చాను, నరాల పరీక్షలు, ఆపరేషను చేసినాయన ఉత్తరాలు, అన్నీ కలిపి పుస్తకం చేసి ఇచ్చాను అన్నాడు.

గుమాస్తా లేచి బీరువా తెరిచి ఆ పుస్తకం తెచ్చాడు. ముదురాకుపచ్చ అట్ట, మూలలకు తోలు, వెన్నుకు నాలుగు గట్లు. దాని మీద ఒక చీటీ అంటించి ఉంది, యంత్రానికి పట్టదు అని. గుమాస్తా మెల్లగా విషయం చెప్పాడు. ఇక్కడికి వచ్చే ప్రతి కాగితాన్నీ ఒక యంత్రంలో పెట్టి ఫొటో తీస్తారు. యంత్రం విడి కాగితాలే మింగుతుంది. ఇది కుట్టిన పుస్తకం, మింగలేదు. విప్పడానికి తమకు హక్కు లేదు. అందుకని అట్ట ఒకటీ, కుట్టు కనబడేలా మొదటి పేజీ ఒకటీ ఫొటో తీసి పంపారు. పరీక్ష చేసిన ఆఫీసరు చూసింది ఆ రెండే.

మేస్త్రి ఆ పుస్తకం వంక చూస్తూ ఉండిపోయాడు. నెలరోజులుగా ఆయన ఆ ఆఫీసరును తిట్టని పూట లేదు. చదివి కూడా కాదన్నాడనుకున్నాడు. వాడు చదవనే లేదు. మేస్త్రి ఇంటినుంచి ఆఫీసుకు విడి కాగితాలు వెళ్ళడమా, చూసినవాళ్ళు నవ్వరా అని పట్టుబట్టి బైండు చేయించింది తనే. ఆమె వద్దంది కూడా. గుండుసూది గుచ్చి ఇద్దామంది.

డాక్టరమ్మ పుస్తకం తీసుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఆవిడ పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, వేలు పెట్టి, ఇంకో పేజీతో పోల్చుకుని చదివింది. పుస్తకం పూర్తిగా తెరుచుకుని బల్ల మీద చదునుగా పడుకుంది. మంచి కుట్టుకు గుర్తు అదే, చేత్తో అదిమి పట్టుకోనక్కర్లేదు. మేస్త్రికి ఆ పరిస్థితిలో కూడా అది కంటపడింది.

చివరి కాగితం అయ్యాక ఆవిడ పెద్దాయన వైపు వంగి ఏదో చెప్పింది. పెద్దాయన తల ఊపాడు. బావమరిది బల్ల కిందనుంచి మేస్త్రి మోకాలు తట్టాడు. గెలిచాం బావా అని ఆ తట్టుకు అర్థం. ఈ బావమరిది బస్సు కండక్టరు. ఊరంతా రైట్‌రైట్ అని పిలుస్తుంది. ఏ మాటకైనా ముందు రైట్ అని, ఆ తర్వాత ఆలోచించే మనిషి.

పెద్దాయన ఆఫీసరు రిపోర్టు తెరిచాడు. ఆధారాలు చూడకపోవడం మావాళ్ళ పొరపాటే, అది ఒప్పుకుంటాను, అయితే ఆఫీసరు కళ్ళతో చూసింది కూడా కొంత ఉంది, దాని సంగతి చూద్దాం అన్నాడు. చదివాడు.

"అర్జీదారు రెండు చేతుల వేళ్ళకూ ఎండిన జిగురు ఉన్నది. ఆ ఉదయమే పని చేసినట్లు గుర్తులు. జతపరచిన పుస్తకము ఎవరు కుట్టారని అడుగగా, నేనే అని బదులిచ్చెను. కుట్టు అతి సున్నితమైనది."

మేస్త్రి చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆఫీసరు పరీక్ష చేసిన రోజు గుర్తొచ్చింది. పొద్దున్నే ఒక బడి పంతులు వస్తానన్నాడని ఆమె ఎప్పటిలాగే లై పూసింది. పంతులు వచ్చి వెళ్ళాడు. బస్సుకు వేళ మించిపోతోందని అలాగే బయల్దేరారు. చొక్కా ఇస్త్రీది వేసింది, తల దువ్వింది, మెడకు చెమట తుడిచింది. వేళ్ళు కడగడం ఇద్దరికీ తోచలేదు. రెండేళ్ళుగా ఆ లై చర్మంలో చర్మమైపోయింది.

పెద్దాయన రిపోర్టు పక్కన పెట్టి తన ముందున్న పెద్ద రిజిస్టరు మూసి వెన్ను చూపించాడు. అప్పీలు తీర్పులు రాసే రిజిస్టరు అది. వెన్ను అడుగున చిన్న ముద్ర, మేస్త్రి దుకాణానిది.

"ఇది మీ దగ్గర చేయించి ఆర్నెల్లయింది. ఆర్డరు కాగితం కూడా తీయించాను. మేస్త్రి స్వయంగా కుట్టినది, పరిశీలించి తీసుకున్నాను అని మా గుమాస్తా సంతకం ఉంది."

గుమాస్తా తల ఇంకాస్త కిందికి దిగింది.

ఇక్కడే రైట్‌రైట్ లేచాడు. బావకు మేలు చేసే వేళ వచ్చిందనుకున్నాడు. నలుగురికి టికెట్లు కొట్టే గొంతుతో చెప్పుకుపోయాడు. మా బావంటే ఎవరనుకున్నారు సార్, చేతులు పోయినా పనితనం పోలేదు, మొన్నటికి మొన్న నా బస్సు పాసుల పుస్తకం పీలికలైపోతే రెండు రోజుల్లో రాయిలా చేసిచ్చాడు, జిల్లాలో అలాంటి చెయ్యి ఇంకోటి చూపించండి, అలాంటి మనిషికా మీరు భృతి కాదనేది అని ముగించి కూర్చున్నాడు. కూర్చున్నాక కూడా తనేం చేశాడో తెలియక మేస్త్రి వంక గర్వంగా చూశాడు. ఉరితాడు పేనేవాడు శత్రువే కానక్కర్లేదు.

డాక్టరమ్మ కాగితాల పళ్ళెంలోంచి ఒక గుండుసూది తీసి బల్ల మీద పెట్టింది. తీయండి అంది. మేస్త్రి చెయ్యి చాపాడు. వేళ్ళు సూది చుట్టూ గుడ్డిగా తిరిగాయి. సూది జరిగింది, దొర్లింది, బల్ల అంచుదాకా పోయి కింద పడింది. ఆవిడ ఇంకోటి పెట్టింది. అదీ పడింది. చిన్నప్పుడు బడిలో నల్లబల్ల ముందు నిలబెట్టి రాయమన్నప్పుడు కూడా ఆయనకు ఇంత సిగ్గు కలగలేదు.

పెద్దాయన ఆ సూదుల వంక చూశాడు, మేస్త్రి వంక చూశాడు. తీయలేని చెయ్యీ, తీయడం ఇష్టంలేని చెయ్యీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి మేస్త్రిగారూ అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. వెటకారం ఉంటే మేస్త్రికి కాస్త తేలికగా ఉండేది.

"ఒక్కటి తేల్చండి. ఈ కాగితాలు నిజమైతే ఈ పుస్తకం మీరు కుట్టలేదు. పుస్తకం మీరు కుట్టిందైతే ఈ కాగితాలు నిజం కావు. రెండూ మీరు తెచ్చినవే. ఏది వదులుకుంటారు?"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మేస్త్రికి ఆ రెండూ తన దుకాణంలోనే తవ్వుకున్నట్టు కనబడ్డాయి. నేనే కుట్టానంటే భృతి పోతుంది, ఆమె కళ్ళు పోతాయి. ఆమె కుట్టిందంటే రెండేళ్ళుగా ఊరినంతా మోసం చేసినట్టు ఒప్పుకోవాలి. ఆర్డర్లు పోతాయి. ముప్పై ఏళ్ళ పేరు పోతుంది. ఆ మీదట అబద్ధాలకోరు చూపిన కాగితాలు నమ్మడమెందుకని భృతీ పోవచ్చు. కిటికీ వైపు చూశాడు. దానికి మేకులు కొట్టి ఉన్నాయి.

చివరికి తన గొంతు తనకే వినిపించింది.

"కుట్టింది మా ఆవిడండి."

రైట్‌రైట్ నవ్వాడు. అక్కా, అక్కకి చొక్కా గుండీ కుట్టడమే సరిగా రాదు కదా బావా అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు మధ్యలో ఆపి, బావ మొహం చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

పెద్దాయన ఎప్పటినుంచి అని అడిగాడు. వరద తర్వాతనుంచి అన్నాడు మేస్త్రి. ఈ రిజిస్టరు కూడానా. అదీనండి. గుమాస్తా కలం ఆగింది.

"మరి ఆ రోజు ఆఫీసరుతో నేనే అన్నారు. ఎందుకన్నారు?"

మేస్త్రికి దీనికి గొప్ప జవాబేదో ఉండాలనిపించింది. ఉన్నదే చెప్పాడు.

"కుట్టు బాగుందన్నాడండి. ఎవరైనా అలా అంటే నేనే అనడం అలవాటు."

డాక్టరమ్మ తల దించుకుంది. పెద్దాయన మీసం దువ్వుకున్నాడు. ఆవిడ కుట్టడం బయటివాళ్ళు ఎవరైనా చూశారా అని అడిగాడు. ఎవరూ చూడకూడదనే కదండీ తెర కట్టుకున్నది అన్నాడు మేస్త్రి. ఆవిణ్ణి పిలిచి ఇక్కడే కుట్టి చూపించమంటే అని రైట్‌రైట్ ఈసారి చాలా చిన్నగా అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. దానివల్ల ఆవిడకు పని వచ్చని తేలుతుంది, ఈయనకు రాదని తేలదు, ఇద్దరికీ వచ్చేమో అన్నాడు. గోడకు ఉన్న గడియారం చూశాడు. రేపు పదకొండింటికి మళ్ళీ కూర్చుంటాం, ఈ రెండేళ్ళలో ఆవిడ చేత్తో ఈ పని జరగడం కళ్ళారా చూసినవాళ్ళు, మీ బంధువులు కానివాళ్ళు ఒక్కరు చాలు, తీసుకురండి, లేకపోతే ఉన్నది ఉన్నట్టు రాసేస్తాం, ఇదే ఆఖరు, దీని మీద ఇంకో అప్పీలు ఉండదు అన్నాడు. మేస్త్రి భార్య కుట్టిన రిజిస్టరులో రేపటి తారీకు వేసి మూశాడు.

రైట్‌రైట్ అందరికంటే ముందు లేచి గబగబా బయటికి నడిచాడు. బావ మొహం చూసే ధైర్యం లేక అలా వెళ్ళాడు. స్ప్రింగు తలుపు వెనకాలే మూసుకుంది. పెద్దాయన పక్కగదిలోకి వెళ్ళిపోయాడు, గుమాస్తా కాగితాలు మోసుకుంటూ ఆయన వెంట వెళ్ళాడు. మేస్త్రి లేచి ఇత్తడి పిడి ముందు నిలబడ్డాడు.

రెండు అరచేతులూ దానికి ఇటూ అటూ ఆనించి తిప్పబోయాడు. జారాయి. చొక్కా అంచు మధ్యలో పెట్టి నొక్కాడు. పిడి కొంచెం తిరిగి వెనక్కి వచ్చేసింది. మోచేతులతో ప్రయత్నించాడు. తర్వాత మానేసి, బస్సు కోసం నిలబడ్డవాడిలా చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఎవరో ఒకరు వస్తారు. రెండున్నరేళ్ళుగా అలాగే వస్తున్నారు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి పిడి తిప్పింది. డాక్టరమ్మ. గదిలోనే ఉండిపోయిందని ఆయన గమనించలేదు. ఆవిడ తలుపు తెరిచి పట్టుకుని చిన్న గొంతుతో అంది.

"నేను చూశాను మేస్త్రిగారూ. కానీ నేను సాక్షిని కాలేను. తీర్పు రాసే బల్లకు ఇటువైపు కూర్చున్నాను."

బయట వరండాలో బెంచీ మీద మేస్త్రి భార్య కూర్చుని ఉంది. రైట్‌రైట్ అక్కడ లేడు, కిందికి దిగిపోయాడు. పోతూ పోతూ అక్కకేమీ చెప్పలేదట, చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడట. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మేస్త్రి పక్కన కూర్చుని జరిగింది చెప్పాడు. ఆయనకు మాటలు తక్కువ, నాలుగు ముక్కల్లో అయిపోయింది. పుస్తకం యంత్రానికి పట్టలేదు, లై గురించి రాశారు, నీ పేరు చెప్పాను, రేపు సాక్షి కావాలి.

ఆమె భయపడుతుందనుకున్నాడు. ఏడుస్తుందేమో అనుకున్నాడు. గుండుసూది గుచ్చి ఇద్దామంటే విన్నారా అని సాధిస్తుందని కూడా అనుకున్నాడు. ఆమె వరండాలోంచి కింద కనబడుతున్న రికార్డు ఆఫీసు గోడ మీద వరదగీత వంక చూసింది. తర్వాత అడిగింది.

"కుట్టు చూసి ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"ఎవరి కుట్టనుకుని?"

ఇద్దరూ బస్సెక్కారు. దారిలో ఆమె ఒక్కొక్కరి పేరే అనుకుంటూ వచ్చింది. ఎదురింటి టైలరు ఎప్పుడైనా తొంగి చూశాడేమో. చూడలేదు, అతని వైపు కిటికీకి అట్ట కొట్టింది మీరే. పాలు పోసే ఆవిడ? వంటింటి గడప దాటి రానివ్వలేదు. బడి పంతులు? ఆయనకు తెరకు ఇవతల కుర్చీ వేశాం. రెండేళ్ళుగా ఒక్క మనిషి కంటపడకుండా ఎంత జాగ్రత్తగా బతికారో లెక్క తేలేకొద్దీ ఆమె గొంతు సన్నబడింది. ఇల్లు దాచినవాడికి దొంగ భయం లేదంటారు గాని, ఆ ఇంటికి చుట్టం కూడా రాడు. ఇంటికి చేరేసరికి పేర్లు అయిపోయాయి. ఆమె తెర పక్కకు లాగి లోపలికి వెళ్ళింది. తెర మళ్ళీ దాని చోటికి అది వచ్చింది, ఆ ఆఫీసు తలుపులాగే.

తెల్లారింది.

మేస్త్రి లేచేసరికి ఆమె లై కాచి గిన్నె దించింది. ఎప్పటిలా ఒక వేలితో తీసుకుని ఆయన ముందు కూర్చుంది. ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఇవాళ వద్దు."

ఆమె వేలు గాల్లో ఆగింది. లై వేలి చివరినుంచి గిన్నెలోకి జారింది. మేస్త్రి లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. గుడ్డను ముంజేతికి మూడు చుట్లు చుట్టుకున్నాడు. పట్టుకోలేని చేతికి చుట్టుకోవడం చేతనవును. ఒళ్ళంతా బరువు వేసి కిందికి లాగాడు. మొదటిసారి కర్ర వంగింది. రెండోసారి మేకు ఊడింది. మూడోసారి కర్రా గుడ్డా గోడ సున్నమూ కలిసి ఆయన నెత్తిన పడ్డాయి. రెండేళ్ళ దుమ్ము లేచింది. ఆమె ఏమండీ అంటూ వచ్చి ఆయన తల దులిపింది. తల దులుపుతూ ఆగిపోయి చూసింది. పనిబల్ల మీదికి వీధి వెలుతురు వచ్చి పడింది. ఈ వెలుతురు ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా అంది. దీపం పెట్టుకుని కుట్టాను కదా అంది.

మేస్త్రి కుట్టుచట్రాన్ని కాలితో తోసుకుంటూ దుకాణం గుమ్మం ఎదురుగా తెచ్చి పెట్టాడు. ఆమెను దాని ముందు కూర్చోమన్నాడు. దీనివల్ల సాక్షి రాడని ఆయనకు తెలుసు. ఇప్పుడు చూసినవాళ్ళు ఇప్పుడే చూస్తారు, నిన్నటిది చూడలేరు. అయినా సరే పదకొండు దాకా ఆ తెర వెనక కూర్చోవడం ఆయనవల్ల కాలేదు. ఆమె కొంగు బిగించి కూర్చుని, దారం నాలుకతో తడిమి సూదికి ఎక్కించి, కాగితాల మొదటి మడత చట్రం మీద పెట్టింది. ఎదురింటి టైలరు మిషను తొక్కడం ఆపి నిలబడి చూశాడు. ఆమె తలెత్తలేదు. రెండో మడత తీసుకుంది.

అప్పుడు మెట్టు కింద ఎవరో రెండుసార్లు దగ్గారు.

ఆమె సగం లేచింది. సూది చేతిలో అలాగే ఉంది. వంటింటి వైపు తిరిగింది, మధ్యలో తెర లేదని గుర్తొచ్చి అక్కడే ఆగింది. కూర్చో అన్నాడు మేస్త్రి.

గుమాస్తా మెట్టెక్కి వచ్చాడు. ఎప్పటిలా చంకలో రిజిస్టర్లు లేవు, చేతులు ఖాళీగా ఉన్నాయి. గుమ్మంలో నిలబడి కిందపడ్డ తెర చూశాడు. ఆమె చేతిలో సూది చూశాడు. చూసి, తెర తీసేశారన్నమాట అన్నాడు. ఆ మొహంలో మేస్త్రి ఆశ్చర్యం కోసం వెతికాడు. రవ్వంత కూడా లేదు.

నిన్న ఆ గదిలో ఈ మనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కాగితాల దుమ్ములో, ఫ్యాను కింద, కిటికీకి మేకులు కొట్టిన గదిలో. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ దగ్గు ఈ మెట్టు కింద మాత్రమే వస్తుంది, ఆమె తప్పుకునేంత ముందుగా.

ఆర్డరు కాగితాల మీద సంతకాలు ఇతనివి. పరిశీలించి తీసుకున్నాను అని ప్రతిదాని మీదా రాసింది ఇతను. నోరు విప్పితే ఇతని ఉద్యోగానికే ఎసరు. విప్పకపోతే ఆమె కళ్ళకు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

మేస్త్రి పక్కనున్న ముక్కాలిపీటను కాలితో జరిపి గుమాస్తా ముందుకు తోశాడు. లై లేని చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"కూర్చోండి గుమాస్తాగారూ" అన్నాడు. "మీకా దగ్గు ఎప్పటినుంచండీ?"